మెల్లగా పెరుగు

వృకోదరుణ్ణి ఆటోలోంచి దించడానికి ముగ్గురు కావలసి వచ్చారు. ముంగాళ్ళ దగ్గర సోమయాజులు, వెనక ఆటోడ్రైవరు, పొట్ట కింద చేతులు పెట్టి వైశాలి. దించాక వాడు నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద మూడు కాళ్ళ మీదే నిలబడ్డాడు. ఎడమ ముంగాలు నేలకు ఆనీ ఆనకముందే కుయ్యిమంటూ పైకెత్తేశాడు.

నాలుగు నెలల కుక్కపిల్ల. గ్రేట్ డేన్. తెల్లటి ఒంటి మీద సిరా ఒలికినట్లు నల్లమచ్చలు. ఆ వయసుకే దూడంత ఉన్నాడు.

"చూడమ్మాయ్," అన్నాడు సోమయాజులు. కోపంతో ఆయన కళ్ళజోడు ముక్కు మీద వణుకుతోంది. "బాగా చూడు. నీ సంచీ చేసిన నిర్వాకం ఇది."

వైశాలి వంగి, వాడు పైకెత్తిన కాలు చూసింది.

ఎదురుగా ఉన్న దాణా దుకాణం ఆమె తాతగారు పెట్టింది. స్టేషన్ ముందు టాంగాలు బారులు తీరిన కాలంలో వాటి గుర్రాలన్నిటికీ ఉలవలూ తవుడూ అక్కణ్ణుంచే వెళ్ళేవి. టాంగాలు పోయాయి. తండ్రి ఇంద్రసేన గేదెల దాణాతో, కోళ్ళ మేతతో, పావురాల గింజలతో నెట్టుకొచ్చాడు. ఐదేళ్ళ కింద వైశాలి డిగ్రీ పూర్తిచేసి కుక్కల తిండి తెచ్చిపెట్టింది. తెచ్చిపెట్టి ఊరుకోలేదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర క్లినిక్ నడిపే డాక్టర్ శశికళ వెంటపడి, ఏడాదిపాటు ప్రతి ఆదివారం ఆమె పక్కన కూర్చుని, ఏ జాతికి ఏ తిండి, ఎందుకు, ఎంత అని నేర్చుకుంది. జంతువును చూడకుండా దాణా అమ్మకూడదన్నది తాతగారి కట్టుబాటు. దాన్ని మాత్రం వదల్లేదు. ఉలవల బస్తాలు తూచే కాంటా మీద కుక్కపిల్ల ఎక్కవలసిందే, వైశాలి దాని పక్కటెముకలు తడిమి చూడవలసిందే, ఆ తర్వాతే సంచి.

అట్లా ఎంచి ఇచ్చిన సంచుల్లో ఈ ఐదేళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఇవాళ వచ్చేటట్లుంది.

"పొద్దున్నే డాక్టర్ శశికళ దగ్గరికి వెళ్ళాం," సోమయాజులు చెప్పుకుపోతున్నాడు. "కాళ్ళ కీళ్ళ దగ్గర వాపట. ఎక్స్‌రే తీసింది. ఎముకల స్పెషలిస్టు నాలుగింటికి వచ్చి చూస్తాడట. తిండిలో తేడా ఉందేమో, ఏమేం పెడుతున్నారో జాబితా రాసుకు రమ్మంది. జాబితా ఏముంది? ఒక్కటే వస్తువు. నువ్విచ్చిన సంచీ!"

సోమయాజులుకు అరవై తొమ్మిదేళ్ళు. ఆబిడ్స్‌లోని ఒక అచ్చాఫీసులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. వీధి అవతలి బోర్డు మీద జారిపోయిన ఒత్తును ఇవతలినుంచే పట్టేస్తాడు. కుక్కకు వృకోదరుడని పేరు పెట్టింది కూడా అందుకే. ఆ పేరును తప్పు లేకుండా రాయగలిగిన వాళ్ళు ఈ ఊళ్ళో ఎందరున్నారో తేల్చుకోవాలని ఆయనకు సరదా. ఇంతవరకు డాక్టరు చీటీలోనూ తప్పే పడింది.

వైశాలి కుక్కను కాంటా ఎక్కించింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. ఇరవై ఎనిమిది కిలోలు.

ఆరు వారాల కింద, రెండున్నర నెలల పిల్లగా ఇదే కాంటా మీద పదకొండు తూగాడు. ఈపాటికి ఇరవై రెండు, ఇరవై మూడు ఉండాలి. పక్కటెముకల మీద వేళ్ళు ఆనించింది. ఎముక తగల్లేదు. మెత్తటి కొవ్వు తగిలింది.

"సారూ, నేను చెప్పిన తిండి నేను చెప్పినంత తింటే గింత బరువు రాదు."

"అంటే? నేను అబద్ధం చెబుతున్నానా?"

"గట్ల అంటలేను. ఇంకేదో తింటున్నడు అంటున్న."

"మా ఇంట్లో ఉండేది ఇద్దరం. నేనూ, మా ఆవిడా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు తెలియకుండా ఆవిడ గ్లాసుడు కాఫీ తాగలేదు. వీడికేం పెడుతుంది?" ఆయన జేబులోంచి ఫోను తీసి ఆమె ముఖం ముందు ఊపాడు. "ఆబిడ్స్ శునక మిత్రుల గ్రూపు. నాలుగు వందల మంది ఉన్నారు. స్పెషలిస్టు మాట విన్న వెంటనే రాస్తాను. దుకాణం పేరూ, నీ పేరూ, అక్షరం తప్పు లేకుండా రాస్తాను."

గోడగడియారం పదకొండూ పది చూపిస్తోంది.

ఇంద్రసేన గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి కూతుర్ని పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "బిడ్డా, పెద్దమనిషి. తిట్టనీ. సంచి వాపస్ తీసుకుందం, మాఫ్ చెయ్యమని అడుగుదం. ఒడుస్తది."

"ఒడవది బాపూ. తప్పు నాదైతే ఆయన కాళ్ళ మీద పడత. నాదో కాదో తెల్వకముందే పడితే రేపటి సంది నేను ఏం చెప్పినా ఎవలు నమ్మరు. నన్ను నేనే నమ్మ. వాళ్ళింటికి పోయి చూసొస్త."

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. గల్లా మీది తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చాడు. "ముఖం తుడ్చుకుని పో. తవుడున్నది."

*

ఆటో ఆబిడ్స్ వైపు తిరిగింది. వృకోదరుడు వైశాలి ఒళ్ళో తల పెట్టి పడుకున్నాడు. ఒళ్ళంతా ఆ తలే సరిపోయింది. వాడి పెదవుల పక్క తెల్లటి వెంట్రుకలు గులాబీ రంగుగా అట్టకట్టి ఉన్నాయి. ఆమె గోటితో గీకింది. జిగురుగా తగిలింది. ఆ సంగతి మనసులో పెట్టుకుంది.

ఆరు వారాల కిందటి సంగతి ఆమెకు కళ్ళకు కట్టినట్లుంది. సోమయాజులు దుకాణంలోకి రాగానే అన్నిటికన్నా పై అరలో ఉన్న సంచి వైపు వేలు చూపించాడు. దాని మీద కండలు తిరిగిన కుక్క బొమ్మ. "అది ఇవ్వు. మా వాడు అట్లా ఉండాలి."

"గది మీ వానికి గాదు సారూ. బరువులు గుంజే పెద్ద కుక్కలకు."

"డబ్బిస్తానంటే వద్దంటావేమిటి?"

"పెద్దజాతి పిల్లకు తాకత్ గాదు, సబర్ కావాలె, ఓపిక." అని ఆమె ఇంకో సంచి దించింది. మామూలు 'పప్పీ' అని రాసుంటే చాలదనీ, 'పెద్దజాతి పప్పీ' అనే రాసుండాలనీ, ఇందులో కొవ్వు తక్కువనీ, క్యాల్షియం కొలత ప్రకారమే ఉంటుందనీ చెప్పింది. "చిన్నజాతి కుక్క ఏడాదిల పూరా పెరుగుతది. వీనికి ఏడాదిన్నర, రెండేండ్లు పడతది. తొందరపెట్టి తినిపిస్తే ఒళ్ళు ముందు పెరుగుతది, ఎముకలు ఎనకబడతయి. గప్పుడు ఆ ఒళ్ళు ఆ కాళ్ళు మొయ్యలెవ్వు."

ఆయన ముచ్చటపడ్డాడు. "నువ్వు చెప్పినట్లే చేస్తాం," అని సంచి భుజాన వేసుకుని మరీ వెళ్ళాడు.

నువ్వు చెప్పినట్లే చేస్తాం. మరి ఏం చేశారు?

*

పోస్టాఫీసు వెనక సందులో, రెండో అంతస్తులో ఇల్లు. తలుపు తీసిన జానకి వైశాలిని చూసి ముఖం విప్పార్చుకుంది. "వచ్చావా తల్లీ! వీడు కుంటుతుంటే నిన్నటినుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదు. ఎండనపడి వచ్చావు, కూర్చో, మజ్జిగ తెస్తాను."

"మజ్జిగ తర్వాత తాగుత అమ్మా. సంచి ఏడున్నది?"

సంచి బాల్కనీలో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. వైశాలి దాని మెడ పట్టుకుని పైకెత్తింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి బస్తాలు ఎత్తిన చెయ్యి అది. పావుకిలో తేడా వస్తే తెలిసిపోతుంది.

"ఆరు కిలోలున్నది," అంది.

"అయితే?" అన్నాడు సోమయాజులు.

"పదిహేను కిలోల సంచి సారూ. రోజుకు నాలుగొందల గ్రాములు పెట్టమన్న, పిల్ల పెరిగేకొద్ది పెంచమన్న. నెల రోజులల్ల ఒడవాలె. మీరు తీస్కపోయి ఇయ్యాల్టికి నలభై రెండు రోజులు. ఇంక సగానికి దగ్గర ఉన్నది." ఆమె సంచి కింద పెట్టింది. "ఇందులకెల్లి తిన్నది తొమ్మిది కిలోలే. అంటే మూడు వారాల తిండి. మూడు వారాలు సక్కగ తిన్నడు. తర్వాత ఈ సంచి ఆగిపోయింది. కుక్క ఆగలే. ఐదు కిలోలు ఎక్కువ పెరిగిండు."

ప్రూఫులో తాను చూడని తప్పును ఇంకొకరు పట్టుకున్నప్పుడు ఎట్లా ఉంటుందో, సోమయాజులు ముఖం అట్లా ఉంది.

మూడు వారాల కింద ఏం జరిగింది? వైశాలి ఫోను తీసి వెనక్కి జరిపింది. సరిగ్గా ఇరవై ఒక్క రోజుల కింద, పొద్దున తొమ్మిదీ నలభైకి, జానకమ్మగారి నంబరు. యాభై రెండు సెకన్లు మాట్లాడారు.

ఆమెకు గుర్తొచ్చింది. తవుడు లారీ వచ్చి ఆగిన రోజు. హమాలీలు కేకలు వేస్తున్నారు, వెనక బస్సు హారన్ మోగిస్తోంది. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడింది. పక్కింటివాళ్ళ కుక్క ముందు మా వాడు సన్నగా కనిపిస్తున్నాడు, సరిగ్గా ఎదగడం లేదేమో అని జానకమ్మ అడిగింది. తాను తప్పు చెప్పలేదు. ఎవరికైనా చెప్పే మాటే చెప్పింది. ఆ సంభాషణలో కుక్కను కుంటిని చేసేదేముంది?

ఆమె లేచి వంటింట్లోకి నడిచింది. చెత్తబుట్టలో పాల ప్యాకెట్లు. కత్తిరించి, కడిగి, ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టినవి. లెక్కపెట్టింది. ఆరు అరలీటరు ప్యాకెట్లు.

"అమ్మా, ఇవి ఎన్ని రోజులయి?"

"ఇవాళ్టివే."

"ఇద్దరికి మూడు లీటర్లా?"

జానకి గర్వంగా నవ్వి, గట్టు మీద పరిచిన తెల్లగుడ్డ తొలగించింది. నాలుగు మట్టిముంతలు వరసగా ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తి బోర్లించింది. చుక్క జారలేదు.

"కత్తితో కొయ్యాలి, అంత గట్టి పెరుగు!" అంది. "మనకు గంటల్లో తోడుకునేది పనికిరాదుగా. గోరువెచ్చని పాలలో చిటికెడంటే చిటికెడు చేమిరి వేసి, పూటంతా కదపకుండా పెడతాను. పొద్దున ఒక ముంత, మధ్యాహ్నం అన్నంలో ఒకటి, సాయంత్రం నెయ్యి వేసి ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. ఇష్టంగా తింటాడు వెధవ. తిన్నాక ఆ సంచిలో గింజలు పెడితే వాసన చూసి పోతున్నాడు."

"జానకీ!" సోమయాజులు గుమ్మంలో స్తంభించిపోయాడు. "మనకు పుల్లమజ్జిగ పోసి వాడికి ముంతలా? ఎవరు పెట్టమన్నారే?"

"ఎవరేమిటి? ఈ పిల్లే!"

కుక్కర్ కూడా కూత వెయ్యబోయి ఆగినట్లుంది.

"నేనా?" అంది వైశాలి.

"నువ్వు కాక? ఫోన్లో చెప్పావు, నా చెవులతో విన్నాను. 'పెద్దజాతి పిల్ల గదమ్మా, మెల్లగా పెరుగైతేనే మంచిది. ఎంత మెల్లగా పెరుగైతే అంత గట్టిగవుతాడు' అన్నావా, లేదా? మెల్లగా పెరుగంటే నిదానంగా తోడుకున్నదని నేనే ఆలోచించి పట్టుకున్నాను."

వైశాలి రెండు చేతులతో తల పట్టుకుంది. "అమ్మా... 'పెరుగుతెనే' అన్న. మెల్లగ పెరుగుతెనే మంచిది. ఎదిగితె! కుక్క ఎదిగితె! తినే పెరుగు గాదు!"

జానకి చేతిలోని ముంత గట్టు మీదికి దిగింది.

సోమయాజులు గొంతు సవరించుకున్నాడు. ఇల్లు కాలిపోతున్నా ఆయన ఊరుకోలేని సందర్భాలు కొన్ని ఉన్నాయి. "అసలు 'పెరిగితేనే' అనాలమ్మాయ్. పెరుగు ధాతువుకు చేదర్థకం పెరిగితే. 'పెరుగుతే' అన్న రూపం లేదు. నువ్వు సరిగ్గా పలికుంటే ఈ అనర్థం..."

"మీ పుస్తకాలల్ల లేదేమో సారూ. మా నోట్ల ఉన్నది. మా తాత నోట్ల ఉన్నది. నాంపల్లి టాంగావాళ్ళందరికి సమజైంది."

"నాకెందుకు కాలేదే తల్లీ?" జానకి కళ్ళు తుడుచుకుంది. "పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. గిట్లా అన్నా గట్లా అన్నా తెలుస్తుంది. పెరుగు దగ్గర దొరికిపోయాను."

"పెరుగు దగ్గర కాదు, బుర్ర దగ్గర!" సోమయాజులు విరుచుకుపడ్డాడు. "నన్నొక మాట అడగొద్దూ? పసివాడి కాళ్ళు వంకరపోతే ఎవరు సమాధానం చెబుతారు? ఇంట్లో నాకు తెలియకుండా..."

"సారూ, జర ఆగున్రి," అంది వైశాలి.

ఆమె హాల్లోకి వెళ్ళి వృకోదరుడి పక్కన కూర్చుని, వాడి పెదవి పైకెత్తి చూపించింది. "ఇది పెరుగు గాదు. పెరుగు గులాబి రంగుల ఉండది. తియ్యటి వాసన వస్తున్నది. ఏంది సారూ ఇది?"

సోమయాజులు పైకప్పు వైపు చూశాడు. ఫ్యాను వైపు చూశాడు. చివరికి భార్య వైపు చూశాడు. ఆవిడ ఏడుపు ఆపి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

ఆయన లోపలి గదిలోకి వెళ్ళాడు. నిఘంటువుల అర జరిపిన చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో సీసా ఉంది. పిల్లలకు ఇచ్చే క్యాల్షియం సిరప్. ముప్పాతిక ఖాళీ.

"పొద్దున్నే వాకింగుకు తీసుకెళ్ళేటప్పుడు రెండు మూతలు," అన్నాడు మెల్లగా. "మందుల షాపువాడు చెప్పాడు. బొక్కలు, అదే ఎముకలు, గట్టిపడతాయి సార్ అని."

"చేదర్థకం తెలుసు గానీ చెయ్యకూడనిదేదో తెలియలేదన్నమాట!" అంది జానకి.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కుక్క చెవి నిమురుతూ అన్నాడు. "నలభై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ పుస్తకాలన్నీ దిద్దానమ్మాయ్. ఒక్కదాని మీదా నా పేరు ఉండదు. ఉండకూడదు కూడా, అది మా వృత్తి. ఇప్పుడు వీణ్ణి తీసుకుని రోడ్డు మీదికి వెళితే స్కూటర్లు ఆగుతున్నాయి. నాలుగు నెలలకే ఇంతా అని అడుగుతున్నారు. ఇది నాది అని చెప్పుకోవడానికి జీవితంలో మొదటిసారి ఒకటి దొరికింది. ఇంకొంచెం పెద్దగా కనిపిస్తే బాగుండుననిపించింది. అంతే."

వైశాలికి ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు.

"మన ఒంట్ల క్యాల్షియం ఎక్కువైతే ఒళ్ళే బయటికి పంపిస్తది సారూ," అంది నెమ్మదిగా. "ఆర్నెల్ల లోపు పిల్ల ఒంటికి ఆ తెలివి ఉండది. ఇచ్చింది ఇచ్చినట్లు గుంజుకుంటది. తక్కువైతే ఎంత ముప్పో, ఎక్కువైతే అంత ముప్పు. అందుకే కొలిచి కలిపిన తిండి ఇచ్చిన. దాని మీద చుక్క కూడ ఎయ్యొద్దు."

ఆ మాట అంటుండగానే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. గట్టిగా తట్టింది. సంచి నెల రోజులకు అయిపోవాలని తనకు తెలుసు. రెండో సంచికి వీళ్ళు రాలేదనీ తెలుసు. ఇంకెక్కడో కొనుక్కున్నారులే అనుకుని ఊరుకుంది. అంతకుముందు జానకమ్మ ఫోన్ చేసిన రోజున, కుక్కను తీసుకుని రమ్మని చెప్పడానికి రెండు సెకన్లు చాలు. చెప్పలేదు. జంతువును చూడకుండా దాణా సంగతి మాట్లాడింది.

ఒక తెల్లకాగితం అడిగి జాబితా రాయడం మొదలుపెట్టింది. పెరుగు, అన్నం, నెయ్యి, సిరప్. దేనికెంత, ఎన్నాళ్ళనుంచి. చివర ఒక వాక్యం రాసింది: "ఫోన్లో సలహా, కుక్కను చూడకుండా. వైశాలి, నాంపల్లి." కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

*

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుంది. క్లినిక్‌లో ఎక్స్‌రే వెలుగుపెట్టె మీద వృకోదరుడి ముంగాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఎముకల స్పెషలిస్టు పొట్టిమనిషి, ముక్కుసూటి మనిషి. నమస్కారాలూ అవీ లేకుండా బొమ్మకు ముక్కు ఆనించి చూస్తున్నాడు. డాక్టర్ శశికళ కాగితం చదువుతోంది. చివరి వాక్యం దగ్గర కనుబొమ్మలు పైకి లేచాయి. వైశాలి వైపు ఒకసారి చూసి, కాగితం ఆయన ముందుకు తోసింది.

జానకి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సోమయాజులు కుక్క మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నారో తెలియకుండా ఉంది.

"ఇదిగో ఈ గీత," స్పెషలిస్టు పెన్ను ఆనించాడు. "ఎముక ఇక్కణ్ణుంచే పెరుగుతుంది. చుట్టూ వాపు ఉంది. గీత చెడలేదు. ఇంకో నెల ఇట్లాగే నడిచుంటే కాళ్ళు వంకర తిరిగేవి, కత్తి పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు అవసరం లేదు. నొప్పికి వారం మందు, మెట్లు ఎక్కొద్దు, దూకొద్దు. సిరప్ ఇవాళే బంద్. పెరుగు బంద్."

జానకి ఊపిరి గదంతా వినిపించింది.

"మరి తిండి?" అన్నాడు సోమయాజులు. "ఏ తిండికి మార్చమంటారు?"

స్పెషలిస్టు, వీళ్ళు వెంట తెచ్చిన సంచిని తిప్పి, వెనక చిన్న అక్షరాలు చదివాడు. ఒకటికి రెండుసార్లు చదివాడు.

"ఈ సంచి ఎవరు ఎంచారు?"

"నేను సార్."

"డాక్టరువా?"

"కాదు సార్. దాణా దుకాణం మాది."

"మార్చొద్దు," ఆయన సంచి కింద పెట్టాడు. "ఇదే పెట్టండి. ఇదొక్కటే పెట్టండి. నా దగ్గరికి వచ్చే పెద్ద కుక్కపిల్లల్లో సగం తప్పుడు సంచితో వస్తాయి. సరైన సంచి కొని దాన్ని మూతపెట్టి దాచుకున్నవాళ్ళను ఇవాళే చూస్తున్నాను."

డాక్టర్ శశికళ నవ్వు దాచుకోలేదు. "నా దగ్గర ఏడాది ఆదివారాలు తినేసింది సార్ ఈ పిల్ల. ఊరికే పోలేదు."

వైశాలి తల వంచుకుంది. తల వంచుకోవడం సిగ్గుతో కాదు. ముఖం మీది సంతోషాన్ని వెంటనే అందరికీ చూపించడం ఇష్టం లేక.

బయటికి వచ్చాక సోమయాజులు మెట్ల మీదే కూర్చుని ఫోను తీశాడు. గ్రూపు తెరిచాడు. పది నిమిషాలు టైపు చేశాడు, రెండుసార్లు దిద్దాడు, పైకి చదివాడు. "మా అజ్ఞానం వల్ల మా కుక్కపిల్లకు ప్రమాదం తెచ్చుకున్నాం. దుకాణం వారి తప్పు ఏమీ లేదు..."

"అట్ల రాయకున్రి," అంది వైశాలి.

"ఏం? నీకు మంచిదేగా!"

"నా తప్పు గూడ ఉన్నది. కుక్కను చూడకుండ ఫోన్ల చెప్పిన. రెండో సంచికి మీరు రాకపోతే అడగలే. అది రాయున్రి."

"అమ్మాయ్, నాలుగు వందల మంది చదువుతారు. నీ వ్యాపారం."

"నాలుగొందల మంది చదువుతరనే సారూ. రేపు ఇంకొకామె గిట్లనే ఫోన్ చేస్తది. నేను ఒకటి చెప్తె ఆమె ఇంకోటి వింటది. రాయకపోతే నేను మళ్ళ గదే చేస్త."

చివరి ప్రూఫు మీద సంతకం పెట్టేవాడు ఎట్లా ఉండాలో నలభై ఏళ్ళు కుర్రవాళ్ళకు చెప్పిన మనిషి సోమయాజులు. మళ్ళీ టైపు చేశాడు. ఈసారి అన్నీ రాశాడు. ముంతలు, సిరప్, ఫోను, అన్నీ. ఆమె అన్న మాటను అన్నట్లే కొటేషన్లలో పెట్టాడు: "మెల్లగ పెరుగుతెనే మంచిది." జానకి ఆయన భుజం మీదుగా తొంగి చూసింది.

"ఆ రూపం లేదన్నారుగా? దిద్దరేం?"

"ఉందట," అన్నాడు సోమయాజులు, పంపే బటన్ నొక్కుతూ. "ఇవాళే తెలిసింది."

*

వైశాలి నాంపల్లికి వచ్చేసరికి ఆరు కావస్తోంది. ఆమె కన్నా ముందే ఆ రాత దుకాణం చేరింది. ఇంద్రసేన ఎవరి ఫోన్లోనో దాన్ని చదివాడు. ఒకసారి చదివి ఊరుకోలేదని కూతురికి తర్వాత తెలిసింది. పక్క పాన్‌డబ్బా అతనికీ, ఎదురుగా టికెట్ల ఏజెంటుకూ, ఆ సాయంత్రం పావురాల గింజలకు వచ్చిన ప్రతి మనిషికీ చదివి వినిపించాడట. ఆమె తప్పు ఒప్పుకున్న చోటు వచ్చినప్పుడల్లా గొంతు ఇంకాస్త పెంచాడట.

దుకాణం ముందు ఒక కారు ఆగి ఉంది. లోపల ఒకావిడ నిలబడి ఉంది, చేతిలో గొలుసు, గొలుసు చివర ముడతల ముఖం ఉన్న మాస్టిఫ్ పిల్ల.

"నా పేరు పద్మ అండీ, గౌలిగూడ నుంచి వచ్చాం," అంటోంది ఆవిడ. "గ్రూపులో చూశాను. వైశాలి గారంటే ఎవరు?"

ఇంద్రసేన గల్లా వెనకనుంచి లేచాడు. చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. టాంగాల కాలం నుంచి ఆ దుకాణంలో పెద్దరికానికి గుర్తుగా ఉన్న ఆ ఒక్క కుర్చీని రెండు చేతులా ఎత్తి, దుకాణం మధ్యలో, కూతురి ముందు వేశాడు.

"గీమెనే," అన్నాడు. "మా బిడ్డ."

వైశాలి కుర్చీలో కూర్చోలేదు. కుర్చీ వీపుకు ఒకసారి చెయ్యి ఆనించి, నేల మీద గొంతుక్కూర్చుంది. మాస్టిఫ్ పిల్ల వచ్చి ఆమె చేతులు వాసన చూసింది.

"మీ ఇంట్ల ఎందరుంటరమ్మా?" అని అడిగింది.

"ఐదుగురం. ఎందుకండీ?"

"అందరికి ఫోన్ చేసి రమ్మనున్రి. దీనికి ఎవరెవరు ఏమేం పెడుతున్నరో ఒకరి ముంగట ఒకరు చెప్పాలె. ఆ తర్వాత సంచి సంగతి మాట్లాడుదం."